చంటిబిడ్డలకు ఏ-విటమిను

మునిమాపువేళ పసివాఁడు గడప తట్టుకొని పడినచో కసరక, రేచీకటియేమో విచారింపవలెను. ఏ-విటమిను అను ఖాద్యోజము కొఱవడిన బిడ్డకు రాత్రిచూపు తగ్గును. ముదిరినచో నల్లగ్రుడ్డు పుండగును. తట్టు, విరేచనములు అట్టి బిడ్డను తేలికగా లోఁగొనును.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారి కృషి ననుసరించి 1970లో ప్రభుత్వమువారు బిడ్డలకు ఆర్నెల్ల కొకసారి ఈ ద్రావకము పోయు పద్ధతి నారంభించిరి. తొమ్మిదవ మాసమున తట్టుటీకాతోఁ గూడ 1 మిల్లీలీటరు, అనఁగా లక్ష యూనిట్లు. ఏడాదిన్నర మొదలు అయిదేండ్ల వఱకు ఆర్నెల్ల కొకసారి 2 మిల్లీలీటర్లు. వెరసి 9 మోతాదులు.

ప్రాణములు దక్కునా యని రైతు అడుగును, న్యాయమే. ఇండోనేషియాలో ఇట్లే యిచ్చి చూడఁగా శిశుమరణములు మూఁడవవంతు తగ్గినవని 1986లో ప్రకటించిరి. 1990లో తమిళనాటి పల్లెలలో వారము వారము కొద్దిగా ఇచ్చినచోట సగమునకు మించి తగ్గినవి. హైదరాబాదు ప్రాంతమున ఆర్నెల్ల మోతాదుతో చెప్పఁదగిన భేదము కానరాలేదు. కావున మోతాదు మానరాదు. దానినే నమ్ముకొని యుండనురాదు.

పామర్రు ప్రాంతపు పెరళ్లలో మునగకు, తోటకూరకు, బొప్పాయికిఁ గొదువ యేమి? ఆకు పప్పులో ఉడికించి నేతిచుక్క వేసి పెట్టుఁడు. క్రొవ్వు లేనిదే ఈ విటమిను ఒంటఁబట్టదు. ద్రావకము మితిమీరిన వాంతులగును గనుక ఇంట పోయక, అంగన్‌వాడీలోఁ బోయించి కార్డులో వ్రాయించుకొనుఁడు.