దాహంలో బయటపడిన హృదయం

మాది రావులపాలెం. ఒకవైపు గౌతమి, మరోవైపు వశిష్ట, మధ్యలో కాలువలు, అరటితోటలు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక పచ్చబడిన డెల్టా ఇది. ఇక్కడ పుట్టి పెరిగిన మా పిల్లలకు బైబిల్లోని అరణ్యం ఎలాంటిదో కొంతైనా చూపాలని దసరా సెలవుల్లో కడప జిల్లా గండికోటకు తీసుకెళ్లాం.

ఎర్రమల కొండలను చీల్చుకుంటూ పెన్నా నది అక్కడ లోతైన లోయను తొలిచింది. సుమారు 300 అడుగుల ఎర్రరాతి గోడలు, పలకలు పేర్చినట్టుండే బండలు, ముళ్లపొదలు. ఏటా వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన కురిసే మా కోనసీమ ఎక్కడ, 700 దగ్గరే ఆగిపోయే ఆ సీమ ఎక్కడ! రాత్రి గుడారంలో కుటుంబ ప్రార్థన చేసుకుని నిర్గమకాండము 17వ అధ్యాయం చదివాం. రెఫీదీములో నీళ్లు లేక ఇశ్రాయేలీయులు మోషే మీద సణిగిన సంగతి అది. ఎర్ర సముద్రాన్ని దాటించిన దేవుణ్ణి అంతలోనే మరిచిపోయారే అని వారిని తప్పుబట్టాం కూడా!

మర్నాడు ఉదయం కోట చూసి, బండల మీదుగా లోయలోకి కొంతదూరం దిగాం. తిరిగి ఎక్కేసరికి ఎండ ముదిరింది. ఐదుగురికి మూడే సీసాల నీళ్లు. రెండు సగం దారిలోనే ఖాళీ అయ్యాయి. మిగతా సీసాలున్న సంచిని పెద్దబ్బాయి గుడారంలో మరిచిపోయాడని అప్పుడు తెలిసింది. ఇక మా నోటికి అదుపు లేకపోయింది. పదహారేళ్ల పిల్లాణ్ణి పదిమంది ముందు 'ఒక్క పనీ సరిగ్గా చేయవు' అని దులిపేశాం. ఈ ప్రయాణం ఎవరు తలపెట్టారంటూ భార్యాభర్తలం ఒకరినొకరం నిందించుకున్నాం.

వాడు మాట్లాడలేదు. తన భుజాన ఉన్న మూడో సీసా తీసి చెల్లెలి చేతిలో పెట్టాడు. ఎప్పుడో తాగేసి ఉంటాడనుకున్నాం. దాని మూత కూడా తీయలేదు. ఆ నీళ్లే తలా కాస్త తాగి పైకి చేరుకున్నాం.

ఆ సాయంత్రం ప్రార్థనకు కూర్చున్నా మాట పెగల్లేదు. ముందు కొడుకును క్షమాపణ అడిగాం. మాకు అలవాటు లేని పని అది. "మరిచిపోయింది నేనే కదా నాన్నా" అన్నాడు వాడు తల వంచుకుని.

ఇశ్రాయేలీయుల హృదయంలో ఏముందో బయటపడేందుకే దేవుడు వారిని అరణ్యంలో నడిపించాడని ద్వితీయోపదేశకాండము 8వ అధ్యాయం చెబుతుంది. వాగులు, ఊటలు ఉన్న దేశంలో తిని తృప్తిపొందాక తనను మరిచిపోవద్దని కూడా అక్కడే హెచ్చరించాడు. కనానులో స్థిరపడ్డాక సైతం ఏటా ఏడు రోజులు పర్ణశాలల్లో నివసించాలన్న ఆజ్ఞ (లేవీయకాండము 23) కూడా అందుకే. తమ పితరులు గుడారాల్లో బతికారని పిల్లలకు తెలియాలి. మా కనాను రావులపాలెం. నీళ్లు పుష్కలంగా ఉన్నంతకాలం మేము శాంతస్వభావులమనే అనుకున్నాం. ఒక్క గంట దాహం మా లోపలిది బయటపెట్టింది.

అయినా రెఫీదీములో సణిగినవారిని దేవుడు దాహంతో వదిలేయలేదు. బండలోంచి నీళ్లిచ్చాడు. ఆ కృపను రుచి చూసినవాళ్లం, ఇంట్లో ఏదైనా కొరత వచ్చిన రోజున మొదట ఎవరిని నిందిస్తున్నామో చూసుకోవాలి. తెలియక మనం నొప్పించినవారే మనకోసం ఒక సీసా దాచి ఉంచారేమో!