డయాలిసిస్ మానినా చేతిని మరువరాదు

కంచరపాలెం: శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పల్లెల నుంచి, విశాఖ చుట్టుపక్కల గ్రామాల నుంచి బతుకుతెరువుకు వచ్చి ఇక్కడ కాపురముంటున్న వారికి మూత్రపిండాల జబ్బు కొత్త మాట కాదు. డయాలిసిస్ కోసం చేతికి ఫిస్టులా పెట్టించుకున్నవారూ తెలియనివారు కారు. అయితే ఆ చేతికి ఏళ్ల తర్వాత రాగల ముప్పు గురించి తెలిసినవారు తక్కువ.

ఫిస్టులా అంటే చేతి ధమనిని పక్కనున్న సిరతో కలిపి కుట్టడం. ఈ పద్ధతిని 1966లో న్యూయార్క్ వైద్యులు బ్రేసియా, సిమినో తదితరులు లోకానికి తెలిపారు. అలా కలిపిన చోట నిమిషానికి అర లీటరు మొదలు లీటరుకు పైగా నెత్తురు పారుతుంది. ఆ ఉరవడికి సిరతో పాటు పైనున్న ధమని కూడా వెడల్పవుతుంది. కొందరిలో అది సాగి, గోడ పలచబడి, బుడగలా ఉబ్బుతుంది. దీనినే వైద్యులు ఎన్యూరిజం అంటారు.

మూత్రపిండం మార్పిడి జరిగి, ఫిస్టులా మూసివేసిన వారిలోనూ ఇది కనిపిస్తుంది. డయాలిసిస్ మానిన పదేళ్లకు బయటపడిన సందర్భాలూ ఉన్నాయి.

గుర్తించడం ఎలా?

మోచేతికి పైన, లోపలి వైపు గుండెతో పాటు కొట్టుకునే వాపు కనిపిస్తే అనుమానించాలి. నొప్పి, చేతి తిమ్మిరి కూడా ఉండవచ్చు. ఉబ్బులో నెత్తురు గడ్డకట్టి ముక్కలు కిందికి జారితే వేళ్లు చల్లబడి నీలంగా మారతాయి. ఆలస్యమైతే వేళ్లు పోయే ప్రమాదముంది. అరుదుగా ఉబ్బు పగలనూ వచ్చు.

ఇది సెగగడ్డ కాదు. కోయించరాదు, కాపడం పెట్టరాదు, తైలం రాసి మర్దన చేయరాదు.

చికిత్స ఉంది

డాప్లర్ స్కానింగుతో ఉబ్బు ఎంత ఉన్నదీ, లోపల గడ్డ ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. ఉబ్బిన భాగాన్ని తీసివేసి, కాలి నుంచి తీసిన సిర ముక్కను అతికి నెత్తురు దారి సరిచేస్తారు. వేళ్లకు నెత్తురు ఆగకముందే వస్తే చేయి దక్కుతుంది.

వాపు కనిపించినవారు కింగ్ జార్జి ఆసుపత్రిలో గాని, తాము డయాలిసిస్ చేయించుకున్న చోట గాని చూపించుకుని, పాత ఆపరేషన్ సంగతి తప్పక చెప్పాలి. వేళ్లు నీలమైనా, నెత్తురు కారినా క్షణం జాగు చేయరాదు. కారేచోట గట్టిగా అదిమిపట్టి 108కి ఫోను చేయాలి.