ఎగుడుదిగుడు భూములలో చిన్న ట్రాక్టరుకు గడ్డికోత పరికరాల ఎంపిక: బాసర పరిసరాల దృష్ట్యా

నిర్మల్ జిల్లా బాసర పరిసరాలలో కొద్ది దూరంలోనే మూడు విధాల నేలలు తారసపడతాయి. శ్రీరాంసాగర్ జలాశయపు వెనుక జలాలు వేసవిలో తగ్గినప్పుడు బయటపడే ఒండ్రు పట్టీ మొదటిది. ముధోల్, భైంసాల దిశగా విస్తరించిన, బసాల్టు శిలల నుంచి ఏర్పడిన నల్లరేగడి రెండవది. పలుచని మొరం, సగం పూడుకుపోయిన గుండ్లు, తంగేడు, సర్కారు తుమ్మ పొదలు గల మెట్ట బీడు మూడవది. ఒకే రైతుకు ఈ మూడింటిలోనూ కొద్దికొద్దిగా భూమి ఉండడం అరుదు కాదు. పత్తిలో అంతరకృషి కోసం 15 నుంచి 30 అశ్వశక్తి గల చిన్న ట్రాక్టరును కొన్న రైతు, రోటవేటరు తరువాత సాధారణంగా ఆలోచించేది గడ్డిని, పొదలను, పత్తి కట్టెను కోసే పరికరం గురించే.

ఈ పరికరాన్ని ఎంచుకునే సమయంలో రైతు ముందుగా అడిగేది వెడల్పు ఎంత అని. విక్రేత ముందుగా చెప్పేదీ అదే. చదునైన పచ్చిక మైదానానికి ఆ ప్రశ్న సరిపోతుంది. గుట్టలు, గుంతలు, రాళ్లు ఉన్న భూమిలో ముందుగా అడగవలసిన ప్రశ్న వేరు. గడ్డి కానిది ఏదైనా బ్లేడుకు తగిలినప్పుడు ఆ దెబ్బను భరించేది ఏది? బ్లేడు వెనక్కి మడిచి తప్పుకుంటుందా, బోల్టు తెగుతుందా, బెల్టు జారుతుందా, లేక గేర్‌బాక్సు పగులుతుందా? ఈ ప్రశ్నకు వచ్చే సమాధానాన్ని బట్టే పరికరం రకం నిర్ణయం కావాలి. వెడల్పు సంగతి ఆ తరువాతిది.

కోత జరిగే తీరు

మొక్క కాండాన్ని రెండు విధాలుగా తెంచవచ్చు. కత్తెర వలె రెండు అంచుల నడుమ నొక్కి తెంచడం ఒక పద్ధతి. ముందుకూ వెనుకకూ కదిలే కత్తులు గల కట్టర్‌బార్ మోవరు ఈ పద్ధతిలో పనిచేస్తుంది. దీనికి అవసరమయ్యే శక్తి చాలా తక్కువ. అమెరికా వ్యవసాయ, జీవ ఇంజనీర్ల సంఘపు ప్రమాణ పట్టికల ప్రకారం మీటరు వెడల్పుకు 1.2 కిలోవాట్లు సరిపోతాయి. కోసిన మేత ముక్కలు కాకుండా నిలువుగా పడుతుంది కాబట్టి పశుగ్రాసానికి ఇది ఉత్తమం. కాని పుట్టమన్ను లేదా పిడికెడంత రాయి వేళ్ల నడుమ చిక్కితే కత్తి విరుగుతుంది. ఒండ్రు పట్టీలోని చదునైన మేత మడికే దీనిని పరిమితం చేయాలి. మెట్ట బీడుకు ఇది పనికిరాదు.

రెండవ పద్ధతిలో ఆధారమేదీ లేకుండా, కేవలం వేగంతో కొట్టి తెంచుతారు. రోటరీ స్లాషరు, ఫ్లెయిల్ మోవరు ఈ కోవలోనివి. కాండం వంగి తప్పుకునే లోపే తెగాలి కాబట్టి ఇక్కడ బ్లేడు కొన వేగమే కీలకం. 1.2 మీటర్ల కోత వెడల్పు గల స్లాషరును ఉదాహరణగా తీసుకోవచ్చు. పీ.టీ.వో. 540 చుట్లు తిరుగుతూ, గేర్‌బాక్సు దానిని 1.47 రెట్లు పెంచితే బ్లేడు నిమిషానికి సుమారు 794 చుట్లు తిరుగుతుంది. కొన వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. డీజిలు ఆదా కోసం ఇంజను వేగం తగ్గించి పీ.టీ.వో.ను 400 చుట్ల వద్ద నడిపితే కొన వేగం సుమారు 37 మీటర్లకు పడిపోతుంది. శక్తి వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి దెబ్బలో బలం 55 శాతమే మిగులుతుంది. గడ్డి తెగడానికి బదులు పీచుగా చీలడం, వంగి మళ్లీ లేవడం అప్పుడే కనిపిస్తాయి. బ్లేడు మొండిదని రైతు భావించే సందర్భాలలో కొన్నింటికి అసలు కారణం ఇదే.

స్లాషరు

ట్రాక్టరు లాగే ఆధునిక రోటరీ కట్టరు 1951లో అమెరికాలోని అలబామా రాష్ట్రం, సెల్మా పట్టణంలో బుష్ హాగ్ పేరుతో మార్కెట్లోకి వచ్చింది. పొదలు, మోళ్లు నిండిన భూములను శుభ్రపరచడమే దాని ఉద్దేశం. నాటి నిర్మాణ సూత్రం నేటికీ పెద్దగా మారలేదు. నిలువు ఇరుసు కింద ఒక బలమైన చట్రం, దాని అంచులలో బోల్టుల మీద స్వేచ్ఛగా ఊగే రెండు బ్లేడులు ఉంటాయి. రాయి తగిలితే బ్లేడు వెనక్కి మడుచుకుని, దాటిన తరువాత అపకేంద్ర బలంతో మళ్లీ చాచుకుంటుంది. మెట్ట బీడుకు కావలసింది సరిగ్గా ఈ గుణమే. చట్రం గుండ్రని పళ్లెం ఆకారంలో ఉంటే మరీ మంచిది. మోడు తగిలినప్పుడు పళ్లెం దానిపైకి జారి ఎక్కుతుంది. కడ్డీ వంటి చట్రమైతే మోడును నేరుగా గుద్దుకుంటుంది. ఒకే నిలువు పట్టీని బ్లేడుగా బిగించిన చవక నమూనాలలో ఈ రక్షణ లేదు. అటువంటివి రాళ్లు లేని తోటలకే పరిమితం.

బ్లేడు మడిచినా తట్టుకోలేనంత దెబ్బ తగిలితే షియర్ బోల్టు తెగాలి, లేదా స్లిప్ క్లచ్ జారాలి. షియర్ బోల్టు చవక. అయితే అది తెగిన ప్రతిసారీ పని ఆగుతుంది. విసిగిన డ్రైవరు దాని స్థానంలో చేతికందిన గట్టి బోల్టు బిగిస్తాడు, తరువాతి రాయికి గేర్‌బాక్సు పోతుంది. రాళ్లు అధికంగా ఉన్న చోట స్లిప్ క్లచ్‌కు పెట్టే అదనపు ఖర్చు సమర్థనీయం. వర్షాకాలమంతా షెడ్డులో ఉన్న క్లచ్ పలకలు తుప్పుపట్టి అతుక్కుంటాయి కనుక, పని ప్రారంభించే ముందు స్ప్రింగులను వదులు చేసి ఒకసారి జారనిచ్చి తిరిగి బిగించాలి. అలా చేయని స్లిప్ క్లచ్ ఉన్నా లేనట్లే.

బరువైన బ్లేడులు గిరక వలె శక్తిని నిల్వ చేసుకుంటాయి. పీ.టీ.వో.కు స్వతంత్ర క్లచ్ లేని ట్రాక్టరులో డ్రైవరు క్లచ్ తొక్కినా, తిరుగుతున్న బ్లేడులు గేరు పెట్టె ద్వారా చక్రాలను ముందుకు నెడుతూనే ఉంటాయి. గట్టు అంచున లేదా బావి దగ్గర ఇది ప్రాణాంతకం. పీ.టీ.వో. షాఫ్టుకు ఒకే దిశలో బలాన్ని అందించే ఓవర్‌రన్నింగ్ క్లచ్ అమర్చితే ఈ ప్రమాదం తొలగుతుంది. విస్తరణ శాస్త్రవేత్తలు ప్రదర్శన సమయంలో దీనిని తప్పక చూపించవలసి ఉంది.

వెడల్పు విషయంలో నేల వంపులను గమనించాలి. వెడల్పైన డెక్కు రెండు గుట్టల మీద ఆనుకున్నప్పుడు నడుమ గుంతలోని గడ్డి తెగదు. ఒకే గుట్ట డెక్కు మధ్యకు వస్తే బ్లేడు మట్టిని చెక్కుతుంది. ఇరుకైన డెక్కు నేలను అనుసరిస్తూ పోతుంది. పొదలకు పీ.టీ.వో. వద్ద అడుగు వెడల్పుకు సుమారు 5 అశ్వశక్తి కావాలన్నది వాడుకలో ఉన్న అంచనా. 20 అశ్వశక్తి ఇంజను నుంచి పీ.టీ.వో.కు చేరేది దాదాపు 17 మాత్రమే. అంటే ఆ ట్రాక్టరుకు మెట్ట బీడులో మీటరు వెడల్పు, మెత్తని గడ్డిలో 1.2 మీటర్లు తగినవి. ట్రాక్టరు పీ.టీ.వో. శక్తిని ప్రకటన పత్రం నుంచి కాక బుద్ని వంటి కేంద్ర ప్రభుత్వ యంత్ర పరీక్షా సంస్థల నివేదిక నుంచి తీసుకోవడం విద్యార్థులు అలవరచుకోవాలి.

ఫ్లెయిల్ మోవరు

అడ్డ ఇరుసు మీద పదుల సంఖ్యలో చిన్న బ్లేడులు లేదా సుత్తులు వేలాడే యంత్రమిది. ప్రతి బ్లేడూ చిన్నది కాబట్టి రాయి తగిలితే నష్టం ఆ ఒక్క బ్లేడుకే. బెల్టు జారడం అదనపు రక్షణ. కోసినదాన్ని సన్నగా నలిపి, వెనుక రోలరు కింద సమానంగా పరుస్తుంది. రాళ్లు ఎక్కువగా నేలవైపు, వెనుకకు మాత్రమే పోతాయి కనుక మనుషులు తిరిగే చోట స్లాషరు కంటే ఇది క్షేమకరం.

దీని లోపం శక్తి వినియోగం. పైన చెప్పిన ప్రమాణ పట్టికలే దీనికి మీటరుకు 10 కిలోవాట్లు సూచిస్తాయి. 17 అశ్వశక్తి అంటే 12.7 కిలోవాట్లు. 1.2 మీటర్ల ఫ్లెయిల్‌కే 12 కిలోవాట్లు పోతే ట్రాక్టరు కదలడానికి మిగిలేది దాదాపు శూన్యం. కాబట్టి 20 అశ్వశక్తి ట్రాక్టరుకు మీటరు లోపు ఫ్లెయిల్ మాత్రమే సరిపోతుంది. మొరం నేలలో బ్లేడుల అరుగుదల కూడా ఎక్కువ. సన్నని గడ్డికి వై ఆకారపు బ్లేడులు, పత్తి కట్టెకు, పొదలకు సుత్తులు వాడాలి.

బరువు విషయంలో మాత్రం ఫ్లెయిల్ పట్ల ఉన్న భయం కొంత అనవసరం. 800 కిలోల ట్రాక్టరు ముందు ఇరుసుపై 320 కిలోలు ఉన్నాయని, రెండు ఇరుసుల దూరం 1.5 మీటర్లని అనుకుందాం. 180 కిలోల స్లాషరు భారకేంద్రం వెనుక ఇరుసుకు 1.2 మీటర్ల దూరంలో ఉంటే, దానిని ఎత్తినప్పుడు ముందు ఇరుసుపై 144 కిలోలు తగ్గుతాయి. 240 కిలోల ఫ్లెయిల్ 0.9 మీటర్ల దూరంలోనే ఉంటే తగ్గేది అదే 144 కిలోలు. రెండు సందర్భాలలోనూ ముందు మిగిలేది 176 కిలోలు, అంటే ట్రాక్టరు బరువులో 22 శాతం. స్టీరింగు పట్టుకు కనీసం 20 శాతం ఉండాలన్నది నియమం. చదునులో ఇది గట్టెక్కుతుంది కాని గట్టు ఎక్కేటప్పుడు చాలదు. ముందు బరువులు జతచేయడం తప్పనిసరి.

పత్తి కట్టె

ఈ ప్రాంతంలో కోత పరికరానికి అసలు పరీక్ష పత్తి చేనులోనే. చివరి తీత తరువాత చేనులో మిగిలిన కాయలలో గులాబీ రంగు పురుగు నిద్రావస్థలో ఉండిపోతుంది. పంటను సకాలంలో ముగించి కట్టెను తొలగించాలని నాగపూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థ సూచిస్తూ వస్తున్నది. కట్టెను తగులబెడితే నేలకు చేరవలసిన సేంద్రియ పదార్థం పొగ పాలవుతుంది. నలిపి నేలలో కలపడమే మేలైన మార్గం.

ఇక్కడ వెడల్పు గురించిన అపోహ స్పష్టంగా బయటపడుతుంది. సాళ్ల మధ్య 90 సెంటీమీటర్లు ఉన్న చేనులో, చక్రాల మధ్య దూరం కూడా 90 సెంటీమీటర్లకు సర్దిన ట్రాక్టరు ఒక సాలును కాళ్ల నడుమ ఉంచుకుని పోతుంది. చక్రాలు సాళ్ల నడిమధ్య నడుస్తాయి. అప్పుడు డెక్కు మీటరు ఉన్నా, 1.2 మీటర్లు ఉన్నా, 1.5 మీటర్లు ఉన్నా తెగేది ఒకే సాలు. ఎందుకంటే పక్క సాలు మధ్యరేఖకు 90 సెంటీమీటర్ల దూరంలో ఉంది, 1.5 మీటర్ల డెక్కు అంచు 75 దగ్గరే ఆగిపోతుంది. రెండు సాళ్లు తీయాలని ట్రాక్టరును పక్కకు జరిపితే చక్రాలు సరిగ్గా సాళ్ల మీదే పడి, కట్టెను ముందే అణగదొక్కుతాయి. అందువల్ల గంటకు 3 కిలోమీటర్ల వేగం, 75 శాతం క్షేత్ర సామర్థ్యంతో జరిగే పని గంటకు అర ఎకరం మాత్రమే. వెడల్పుకు పెట్టే అదనపు సొమ్ము ఈ పనిలో తిరిగి రాదు.

స్లాషరు కట్టెను పొడవు ముక్కలుగా పడేస్తుంది, ఏటవాలుగా తెగిన మొనదేలిన మోళ్లను నిలుపుతుంది. ఆ మోళ్లు టైర్లను గుచ్చుతాయి, పశువుల గిట్టలను కూడా. పత్తి స్వభావరీత్యా బహువార్షికం కాబట్టి తేమ ఉంటే మోడు మళ్లీ చిగురించి పురుగుకు ఆశ్రయమిస్తుంది. ఫ్లెయిల్ ముక్కలను చిన్నవి చేయగలదు కాని వేరును అదీ తీయలేదు. ఏ పరికరం వాడినా తరువాత రోటవేటరుతో మోళ్లను పెకలించాలి. నల్లరేగడి తడిగా ఉన్నప్పుడు ఈ పనికి దిగితే చక్రాల కింద నేల గట్టిపడుతుంది; బాగా ఆరి బీటలు వారిన తరువాత చక్రం పగుళ్లలో దిగి డెక్కు ఒరుగుతుంది. ఈ రెండింటి నడుమ కొద్ది రోజుల అదునే ఉంటుంది.

బీడులోని కలుపు విషయానికి వస్తే, వయ్యారిభామను పూతకు ముందే కోయాలి. విత్తనం పట్టిన తరువాత కోస్తే యంత్రమే దానిని చేనంతా వెదజల్లుతుంది. సర్కారు తుమ్మ నరికిన మోడు నుంచి గుబురుగా లేస్తుంది. దానికి స్లాషరు తాత్కాలిక ఉపశమనమే. తంగేడును బతుకమ్మ పండుగ దాటే వరకు వదిలేయడంలో వ్యవసాయపరంగా నష్టమేమీ లేదు.

భద్రత, నిర్వహణ

బాసర యాత్రాస్థలం. ట్రిపుల్ ఐటీ ప్రాంగణం, రైల్వే స్టేషను, వసంత పంచమికి అక్షరాభ్యాసాల కోసం వచ్చే కుటుంబాలు, అన్నీ పొలాలకు దగ్గరే. గంటకు 180 కిలోమీటర్ల వేగంతో తిరిగే బ్లేడు కొనకు తగిలిన కంకర ఎంత దూరం పోగలదో చెప్పనక్కరలేదు. అనేక యంత్రాల మాన్యువళ్లు మనుషులను సుమారు 90 మీటర్ల దూరంలో ఉంచాలని కోరతాయి. డెక్కు ముందూ వెనుకా గొలుసుల తెర లేని స్లాషరును రోడ్డు పక్కన నడపరాదు. పనికి ముందు భూమిని ఒకసారి నడిచి చూసి, గుండ్ల దగ్గర కర్రకు తెల్ల గుడ్డ కట్టి గుర్తు పెట్టాలి. కోత ఎత్తు మొదటిసారి 12 నుంచి 15 సెంటీమీటర్ల వద్ద ఉంచి, రెండవసారి అవసరమైతే తగ్గించాలి.

ఏడాదికి కొద్ది రోజులే పని ఉండే ఈ పరికరాన్ని ఒక్కొక్క రైతు విడిగా కొనడం లాభసాటి కాదు. 2014–15లో ప్రారంభమైన వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషన్ కింద ఏర్పడిన అద్దె కేంద్రాలకు ఒక స్లాషరు, ఒక ఇరుకు ఫ్లెయిల్ చేరడం మేలు. అయితే అద్దె యంత్రాలలోనే బ్లేడుల నిర్లక్ష్యం ఎక్కువ. పాత కమాను పట్టీలతో కొలిమిలో చేయించిన బ్లేడులు అతిగా గట్టిపడి, రాయికి తగిలినప్పుడు ముక్కలై ఎగురుతాయి. ఒక బ్లేడు అరిగితే రెండింటినీ కలిపి, సమాన బరువున్నవే మార్చాలి. వాటి బోల్టులు కూడా కొత్తవే ఉండాలి.