హార్డు డ్రైవు కొనుట: తగ్గింపు వెలయు, నమ్మదగిన అంగడియు

పట్టుచీర కొనునపుడు కొంగు తిరుగవేసి నేత చూతుము. బియ్యము కొనునపుడు గుప్పెడు అరచేతిలో పోసికొని, నాలుగు గింజలు నోట వేసికొని పాతవో క్రొత్తవో తేల్చుకొందుము. నగ కొనునపుడు హాల్‌మార్కు ముద్ర వెదకుదుము. బేరములలో ఇంత మెలకువ గల మనము, ఇంటిల్లిపాది ఛాయాచిత్రములను, పెద్దల కంఠస్వరములను, బిడ్డల చదువు పత్రములను దాచుకొను హార్డు డ్రైవును మాత్రము పెట్టెమీది అంకెను, దాని ప్రక్కనున్న తగ్గింపు వెలను చూచి కొనివేయుచున్నాము. మేమును అట్లే కొంటిమి. అందువలన కలిగిన నష్టమును, దానినుండి నేర్చుకొన్నదానిని సోదరీమణులకు విన్నవించుటకే ఈ వ్యాసము.

మా అత్తగారి పుట్టినిల్లు దివిసీమలో నాగాయలంక ప్రాంతము. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీని ఉప్పెన వచ్చి, సముద్రపు నీరు సుమారు 5 మీటర్ల ఎత్తున లేచి ఆ పల్లెలపై విరుచుకొనిపడగా వేలకొలది జనులు మరణించిరి. అప్పుడామెకు పందొమ్మిదేండ్లు. ప్రాణములు దక్కినవి గాని, ట్రంకుపెట్టెలోని పెండ్లి ఫోటోయు, ఆమె తల్లి వ్రాసికొన్న పాటల పుస్తకమును నీటిపాలయ్యెను. ఆ పాటలు కంఠమందు మాత్రమే మిగిలినవి. తలుపు దగ్గర పాటలు, అప్పగింత పాటలు, లాలిపాటలు, మంగళహారతులు కలిపి 61 పాటలను మేము రెండేండ్లపాటు ఫోనులో పట్టి భద్రపరచితిమి. వానిలో రెండు పాటలు ఆమెయు, ఆమె అక్కగారును గొంతు కలిపి పాడినవి.

ఫోను నిండిపోయినది. అప్పుడొక అంగడిలో 2 టెరాబైట్ల హార్డు డ్రైవు 1,900 రూపాయలకే యని చూచితిమి. తక్కిన చోట్ల చెప్పిన వెలలో అది మూడవ వంతైనను లేదు. బిల్లు వేసినచో పన్ను కలియునని ఆ వర్తకుడు చెప్పగా, బిల్లు లేకయే తెచ్చుకొంటిమి. పాటలను, ఫోటోలను అందులోనికి ఎక్కించి, పేర్లన్నియు తెరపై వరుసగా కనబడుచున్నవి గదా యని ఫోనులోనివి తుడిచివేసితిమి.

కొన్ని మాసములకు ఆ అక్కగారు కాలము చేసిరి. పదవనాడు ఆమె బిడ్డలు తల్లి గొంతు వినవలెనని కోరిరి. డ్రైవు తగిలించితిమి. పేర్లన్నియు ఉన్నవి, పాట యొక్కటియు పలుకలేదు. తరువాత దాని డొల్ల విప్పి చూడగా లోపల గోరంత మెమొరీ కార్డొకటియు, బరువు తోచుటకై అతికించిన ఇనుపముక్కయు నుండెను. అంగడికి పోయి అడిగితిమి. మా దగ్గర కొన్నట్లు రుజువేమని ఆ వర్తకుడు ప్రశ్నించెను. మాయొద్ద రుజువు లేదు.

గుడివాడలోనున్న మా అక్కయ్యకు మునుపెప్పుడో పంపిన 23 పాటలు ఆమె ఫోనులో దొరికినవి. అత్తగారు మరల కూర్చుండి 36 పాటలు పాడిరి. మిగిలిన రెండు పాటలు, అక్కచెల్లెండ్రు కలిసి పాడినవి, ఇక రావు. అత్తగారు మమ్ము నిందింపలేదు. "ఉప్పెనలో పోయినవాటికి నేనెవరినీ అనలేదమ్మాయీ. ఇవి మాత్రం మనం డబ్బిచ్చి పోగొట్టుకున్నాం" అని మాత్రము అనిరి. ఆ మాట మాకు నేటికిని ముల్లువలె గ్రుచ్చుకొనుచున్నది.

ఈ మోసము జరుగు విధానము తెలిసికొనదగినది. డ్రైవులో నెంత చోటున్నదో కంప్యూటరు కొలిచి చూడదు. డ్రైవులోని చిన్న యంత్రభాగమును అడిగి, అది చెప్పిన మాటను నమ్మును. మోసగాండ్రు ఆ భాగముచే అబద్ధము చెప్పింతురు. మానెడు పట్టు డబ్బాపై బస్తా యని చీటి అంటించినట్లన్నమాట. నిజమైన చోటు నిండువరకు అన్నియు సరిగానే యుండును. పిమ్మట వచ్చినవి పాతవాని మీదనే వ్రాయబడును, లేదా జారిపోవును. పేర్ల పట్టిక మాత్రము చెక్కుచెదరదు. అందువలన మోసము కొన్ననాడు బయటపడక, కావలసినప్పుడే బయటపడును.

మచిలీపట్టణపు స్త్రీలకు నకిలీ యన నేమో ఒకరు నేర్పవలసిన పని లేదు. మన చిలకలపూడి రోల్డుగోల్డు నగలు దేశమంతట ప్రసిద్ధి కెక్కినవి. వానిని అమ్మువారు రోల్డుగోల్డనియే చెప్పి, దాని వెలకే అమ్మెదరు. కొనువారు తెలిసియే కొందురు. అందు దోషమేమియు లేదు. పెడనలో అచ్చుదిమ్మెలతో అద్దిన కలంకారీ వస్త్రమొకటి, యంత్రముపై అచ్చొత్తిన గుడ్డ మరియొకటి. దేని వెల దానికున్నది. ఒకదానిని రెండవదానిగా చెప్పి అమ్ముటయే మోసము. హార్డు డ్రైవునకును ఇదే న్యాయము. వాడి బాగుచేసిన డ్రైవును వాడినదని చెప్పి తక్కువ వెలకు అమ్మినచో తప్పు లేదు. క్రొత్తదని అమ్మినచో తప్పు. 2025వ సంవత్సరారంభమున జర్మనీలో, వేలకొలది గంటలు పనిచేసిన పెద్ద హార్డు డ్రైవులను, పనిచేసిన గంటల లెక్కను చెరిపివేసి క్రొత్తవిగా అమ్మిన సంగతి హైసె యను పత్రిక బయటపెట్టినది. అంతటి దేశమునందే యట్లు జరిగినప్పుడు మన వీధి అంగడిలో మెలకువ వలదా?

ఇక తగ్గింపు వెలనుగూర్చి. పెట్టెపై ముద్రించిన గరిష్ఠ చిల్లర ధర అన్ని పన్నులతో కూడినది; అంతకుమించి అమ్మరాదు. కాని ఆ ధరకు కొనువారు అరుదు. కాబట్టి ఆ ధరమీద సగము తగ్గించితిమన్న మాటకు విలువ లేదు. అదే సంస్థ, అదే రకము, అదే పరిమాణము గల డ్రైవును నాలుగు చోట్ల అడిగి, వానితో పోల్చి చూడవలయును. పండుగ బేరములలో నూటికి పదియో పదునైదో తగ్గుట సహజము. నాలుగు చోట్లకంటె సగమునకు సగము తగ్గినచో, అది తగ్గింపు కాదు, హెచ్చరిక.

పరిమాణము చూచియు కొంత గ్రహింపవచ్చును. తిరుగుడు పళ్లెములు గల హార్డు డ్రైవులను తయారుచేయు సంస్థలు నేడు లోకములో మూడే: సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా. చేతిసంచిలో ఇముడు ఇట్టి డ్రైవులలో 2024లో వెస్టర్న్ డిజిటల్ సంస్థ 6 టెరాబైట్లది తెచ్చినపుడు అదియే అన్నిటికంటె పెద్దదిగా ప్రకటింపబడెను. కావున అరచేతిలో పట్టు పెట్టెలో 16 టెరాబైట్లు, రెండువేల రూపాయలకే యని ఎవరైన చెప్పినచో వినక వెనుదిరుగుటయే మేలు. దీనికి భిన్నముగా, 1 టెరాబైటు డ్రైవు కొని తగిలించినపుడు తెరపై సుమారు 931 గిగాబైట్లే కనబడినచో భయపడవలదు. తయారీదారులు లక్షకోట్ల బైట్లను ఒక టెరాబైటుగా లెక్కింతురు. కంప్యూటరు 1,024 చొప్పున లెక్కించును. తేడా లెక్కలోనిదే గాని చోటులోనిది కాదు.

పళ్లెములు గల డ్రైవు చౌక. కాని పనిచేయునప్పుడు క్రిందపడినచో పాడగును. ఎస్‌ఎస్‌డి యనబడు రెండవ రకములో తిరుగు భాగములు లేవు, కుదుపునకు తట్టుకొనును, వేగముగా పనిచేయును, వెల యెక్కువ. ఫోటోలు, పాటలు దాచి బీరువాలో ఉంచుకొను గృహమునకు మొదటిది చాలును.

రెండవ పర్యాయము మేము గుడివాడలో, అక్కయ్య ఎన్నియో ఏండ్లుగా ఎరిగిన చిన్న అంగడిలో కొంటిమి. వెల తక్కువ చేయుమని అడుగగా ఆ యజమాని, "అమ్మా, ఇంకో మూడు షాపుల్లో కనుక్కుని రండి. నాకంటే బాగా తక్కువకు ఇస్తానన్నవాళ్లను, బిల్లుమీద సీరియల్ నంబరు వేసిస్తారా అని కూడా అడగండి" అనెను. ఆ యొక్క ప్రశ్నతోనే మంచి అంగడి, చెడ్డ అంగడి తేలిపోవునని మాకు తోచినది. అతడు పెట్టె ముద్ర మా యెదుటనే విప్పి, డ్రైవుమీది సంఖ్యయు, పెట్టెమీది సంఖ్యయు ఒక్కటేయని చూపి, సంస్థవారి వెబ్‌సైటులో ఆ సంఖ్య వేసి, వారంటీ ఎన్నటివరకున్నదో చదివి వినిపించెను. చెడినచో తానే తీసికొనవలసిన గడువెంతో బిల్లుపై వ్రాసి ఇచ్చెను. అన్ని అంగళ్లకంటె తక్కువ వెల కాదది. అయినను మేము మారు మాటాడక ఇచ్చితిమి.

ఆన్‌లైనులో కొనునపుడును ఈ ప్రశ్నలనే వేయవలయును. పేరుమోసిన వేదికయైనను అమ్మువాడు వేరొకడై యుండవచ్చును. 2020 నాటి ఈ-కామర్స్ నియమముల ప్రకారము అమ్మువాని పేరు, చిరునామా చూపవలయును. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలిపి, నెలలోపల పరిష్కరింపవలయును. అమ్మువాని పేరు చదివి, సాధ్యమైనచో తయారీ సంస్థ గుర్తించిన విక్రేతయొద్దనే కొనుడు. పార్సెలు విప్పునపుడు ఫోనుతో వీడియో తీసి ఉంచుకొనుడు. పెట్టెపై దిగుమతిదారుని పేరు, చిరునామా, గరిష్ఠ ధర, ఫిర్యాదునకు ఫోను నంబరు ఉన్నవో లేవో చూడుడు.

డ్రైవు ఇంటికి వచ్చిన దినముననే పరీక్షింపవలయును. విండోస్ కంప్యూటరులో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్సులో ఎఫ్3 అను ఉచిత సాధనములు కలవు. ఇవి డ్రైవును ఖాళీ లేకుండ నింపి, వ్రాసినదెల్ల మరల చదివి సరిచూచును. సెకనునకు 100 మెగాబైట్ల వేగమున 1 టెరాబైటు నింపుటకు దాదాపు మూడు గంటలు, చదువుటకు మరి మూడు గంటలు పట్టును. పని ఖాళీ డ్రైవుమీదనే, మన వస్తువులు ఎక్కించుటకు ముందే చేయవలెను. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనునది డ్రైవు ఎన్ని గంటలు పనిచేసినదో చూపును. క్రొత్తదానికి వందలకొలది గంటలుండరాదు. మేము మొదటిసారి ఈ పరీక్ష చేసియుండిన, ఆ రెండు పాటలు నేడు మాయింట వినబడుచుండెడివి.

చట్టమునుగూర్చి రెండు మాటలు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము బిల్లు ఇయ్యకుండుట అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న సరుకును బిల్లులోని గడువులోపల, గడువు వ్రాయనిచో 30 దినములలోపల వెనుకకు తీసికొననుటకు నిరాకరించుటయు అట్టిదే. 1915 నంబరునకు ఫోను చేసి ఫిర్యాదు చెప్పుకొనవచ్చును. మన కృష్ణాజిల్లా వినియోగదారుల కమిషను మచిలీపట్టణముననే కలదు, మనము నివసించు జిల్లాలోనే దావా వేయవచ్చును, 5 లక్షల రూపాయలలోపు సరుకునకు రుసుము లేదు, గడువు రెండేండ్లు. కాని బిల్లు లేనిదే ఇవన్నియు సులభముగా అక్కరకు రావు. పన్ను మిగులునను ఆశతో బిల్లు వదలుకొనుట, గొడుగు అమ్మి చిల్లర దాచుకొనుట వంటిది.

కడపటి మాట. వారంటీ డ్రైవునకే గాని అందులోని పాటకు కాదు. ఎంత మంచి అంగడిలో కొన్నను డ్రైవు ఏదో యొకనాడు చెడును. కాబట్టి మూడు ప్రతులుండవలె. అవి రెండు విధములైన చోట్ల ఉండవలె. వానిలో ఒకటి వేరొక ఊర ఉండవలె. సముద్రతీరమున ఉన్నవారికి ఈ మూడవ మాట మరియు ముఖ్యము. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీనాటి ఉప్పెనలో మచిలీపట్టణ ప్రాంతమున సుమారు 30,000 మంది మరణించిరి. 2025 అక్టోబరు 28వ తేదీని మొంథా తుపాను మచిలీపట్టణ, కళింగపట్టణముల నడుమ తీరము దాటిన రాత్రి మాయింట ఎవ్వరును కన్నుమూయలేదు. అయినను పాటలకొరకు భయపడలేదు. ఒక డ్రైవు మాయొద్ద, ఒకటి గుడివాడలో అక్కయ్య బీరువాలో, ఒక ప్రతి ఆన్‌లైను నిలువలో ఉన్నవి.

ఆ రాత్రి దీపములు పోయిన తరువాత అత్తగారు ఫోనులో తాము పాడిన లాలిపాటను తామే వినుచు, "ఇది అక్క అయితే ఇంకొంచెం పైకి ఎత్తేది" అనిరి. ఆ పైస్వరము మాయొద్ద లేదు. మీ యిండ్లలో ఇంకను ఉన్న గొంతులను పట్టి ఉంచుకొనుడు. పట్టి ఉంచుటకు కొను పెట్టెను మాత్రము, బియ్యమును చూచినట్లు గుప్పిట పట్టి చూచి కొనుడు.