బెల్గాములోని ఇనుపకొట్టు

నగలకొట్టు కథలు, బట్టలకొట్టు కథలు మనము వేసరక చెప్పుకొందుము. ఇనుపకొట్టు ఊసెత్తు వారు లేరు. తలుపు గడియ విఱిగిననాడో, బావి గిలక కీచుమన్ననాడో మగవారిని తఱుముటయే కాని ఆ కొట్టు గుమ్మము మనలో ఎందఱు త్రొక్కితిమి? నేనును అట్టిదాననే. అయినను ఈ నెల ఒక ఇనుపకొట్టు చరిత్ర వ్రాయ బూనితిని. అందులకు కారణము మా మేనమామగారి తోటలోని నీటిపంపు.

ఆ పంపుపై పోతపోసిన "కిర్లోస్కర్" అను పేరును చూచి చిన్ననాడు అది యంత్రజాతి పేరని తలంచితిని. మా మామయ్యగారును "కిర్లోస్కరు చెడినది" అందురే కాని పంపు చెడినదని అనరు. అది ఒక ఇంటిపేరని, ఆ ఇంటివారు బెల్గాములో, అనగా నేటి బెళగావిలో, చిన్న దుకాణముతో బ్రదుకు మొదలిడినవారని పెద్దదాననైన పిదప తెలిసికొంటిని.

లక్ష్మణరావు కిర్లోస్కరుగారు 1869వ సంవత్సరమున బెల్గాము ప్రాంతపు గుర్లహోసూరులో జన్మించిరి. తండ్రి వేదాంత పండితుడు. కుమారునకు మాత్రము పుస్తకములకంటె బొమ్మలయందును యంత్రములయందును మక్కువ. 1885లో బొంబాయికి పోయి జంషేట్జీ జీజీభాయి చిత్రకళాశాలలో చేరిరి. అచట ఒక పిడుగు పడినది. కొన్ని రంగుల భేదము ఆయన కంటికి తెలియదట! చిత్రకారుడు కాగోరిన బాలునకు ఇంతకంటె కష్టము వేఱేమి? ఆయన ఏడ్చుచు ఇంటికి రాలేదు. రంగులతో పనిలేని యంత్రముల రేఖాచిత్రములను నేర్చి, విక్టోరియా జూబిలీ సాంకేతిక విద్యాలయములో ఉపాధ్యాయులైరి. జీతము నెలకు 45 రూపాయలు. బడిపంతులుగారి భార్యను గనుక ఈ అంకెకడ నా కన్ను కొంచెము నిలిచినది.

దుకాణమునకు ఆరంభ సంవత్సరము 1888. బెల్గాములో అన్నగారు రామన్నగారు కూర్చుండిరి. బొంబాయిలో తమ్ముడు బైసికిళ్లు కొని పంపును, అన్న అమ్మును, చెడినవానిని బాగుచేయించును. ఆ దినములలో ఒక బైసికిలు వెల 700 మొదలు 1000 రూపాయల వఱకు ఉండెడిది. తమ్మునిగారి పదునైదు నెలల జీతము పోసినను ఒక్క బండి రాదన్నమాట! త్రొక్కుట నేర్పినందులకు వేఱుగా 15 రూపాయలు పుచ్చుకొనెడివారు. కొంతకాలమునకు విద్యాలయములో తమకు రావలసిన పెద్ద ఉద్యోగము మఱియొకరికి పోగా, లక్ష్మణరావుగారు రాజీనామా ఇచ్చి అన్నగారి చెంతకు వచ్చి చేరిరి.

బైసికిళ్లు కొనువారు ఊరికి పదిమంది. సేద్యగాండ్రు వేనవేలు. ఈ లెక్క ఆయనకు తోచినది. అమెరికానుండి వచ్చు యంత్రవిషయక పత్రికలను చదివి, మొదట పశువుల మేత కోయు యంత్రమును, పిదప 1903లో ఇనుప నాగలిని చేసిరి. కొయ్యనాగలికిని దీనికిని భేదమేమనగా, పెనముమీది అట్టును చాకుతో గీచుటకును అట్లకాడతో తిరుగవేయుటకును గల భేదమే. కొయ్యనాగలి నేలను చీల్చి విడుచును. ఇనుపనాగలి మట్టిని పెల్లగించి తిరుగవేయును. కలుపు అడుగున పడి కుళ్లి ఎరువగును.

ఇంత మేలైన వస్తువును కొనువారే లేకపోయిరి! ఇనుము తగిలిన నేల విషమగునని రైతుల భయము. మనము నవ్వ నవసరము లేదు. ఇనుపమూకుడులో చింతపండు పులుసు నిలువయుంచిన నల్లబడునని మనమెఱుగమా? వంటింటి గరితకు పులుసు ఎట్టిదో రైతునకు నేల అట్టిది. మొదటి నాగళ్లు అమ్ముడుపోవుటకు రెండేండ్లు పట్టినది.

ఆ 1903లోనే లక్ష్మణరావుగారి భార్య రాధాబాయిగారు శంతనురావును కనిరి. చంకలో బిడ్డ, కొట్టులో అమ్ముడుపోని నాగళ్లు. ఆ రెండేండ్లు ఆ ఇల్లాలు నెలసరుకులు ఏ లెక్కను తెప్పించినదో పాఠకురాండ్రే ఊహింతురు గాక.

నాగళ్లు కదలుచున్నవి కదా అనుకొనుసరికి నిలువనీడయే కదలినది. పట్టణ విస్తరణకు స్థలము కావలసియున్నది, కర్మాగారమును తీసివేయవలసినదని పురపాలకసంఘమువారు తాకీదు నిచ్చిరి. కొలుములు, యంత్రములు, పనివారు వీనినెల్ల మూటగట్టుకొని పోవుటకు ఇవి చాపలా, చెంబులా? అప్పుడు లక్ష్మణరావుగారు ఔంధు సంస్థానములో ఒక కట్టడపు పని చేయించుచుండిరి. ఆ సంస్థానాధీశులు బాలాసాహెబు పంత్ ప్రతినిధిగారు సంగతి విని, తమ రాజ్యములో కుండల్‌రోడ్డు రైలుస్టేషను దగ్గఱ 32 ఎకరముల నేలయు, వడ్డీలేని 10,000 రూపాయల అప్పును ఇచ్చిరి. ఈ ప్రభువు స్వయముగా చిత్రకారులు. సూర్యనమస్కారములకు వ్యాప్తి తెచ్చినవారు. పూనాలో భండార్కరు సంస్థవారు మహాభారతమును పరిష్కరించి ప్రకటించుటకు తోడ్పడిన మహనీయులును వీరే. భారతము చదువుకొన్నదానను గనుక ఇంత మాత్రము చెప్పక పోలేను.

1910 మార్చిలో ఆ కుటుంబము అచటికి చేరెను. నేల అంతయు నాగజెముడు. దానిక్రింద నాగుపాములు! చెట్టు నఱకినచోట కొలిమి, కొలిమి ప్రక్కన కుటీరములు లేచినవి. రామన్నగారు ఊరి పెద్దఱికము వహించిరి. జైలుశిక్ష ననుభవించి వచ్చినవారిని రాత్రి కావలికి నియమించిరి. అంటరానితనమును ఊరిలో సాగనీయలేదు. ఊరు కిర్లోస్కర్‌వాడి అయ్యెను. కర్మాగారపు చరిత్రలలో యంత్రముల పేర్లు వరుసగా ఉండును. పసిపిల్లలను ముండ్లనుండి, పాములనుండి కాచుకొనుచు పొయ్యి రాజేసిన స్త్రీలకు ఒక పంక్తి చాలునని చరిత్రకారుల అభిప్రాయము కాబోలు!

1914లో ఐరోపాయుద్ధము వచ్చుటతో సీమనుండి వచ్చు నాగళ్లు నిలిచిపోయి వీరికి బేరము పెరిగెను. కాని పోతపోయ ఇనుము దొరకలేదు. అందుకు సంస్థానములలో తుప్పుపట్టియున్న పాత ఫిరంగులను కొని కరగించిరి. బలరామదేవుడు నాగలిని ఆయుధముగా ధరించెను. ఇచట ఆయుధమే నాగలియై పొలమునకు పోయినది.

తరువాతి వృద్ధి అందఱెఱిగినదే. 1920లో దుకాణము "కిర్లోస్కర్ బ్రదర్స్ లిమిటెడ్" అను కంపెనీగా నమోదయ్యెను. 1926లో పంపు పుట్టెను. నాగలితోటి ఈడువాడగు శంతనురావు ఆ యేడే అమెరికాలో ఇంజనీరు పట్టము పొందెను. ఆయన తమ జీవితచరిత్రకు పెట్టిన పేరునకు తెలుగున అర్థము "నాగజెముడు, గులాబులు".

ఇంకొక ముచ్చట. నాగళ్లు కొనువారికి సమాచారము తెలుపుటకై 1920లో ఈ కుటుంబమువారు ఒక చిన్న పత్రికను వెలువరించిరి. దానిని నడపిన శంకరరావుగారు 1930లో "స్త్రీ" అను మరాఠీ మాసపత్రికను స్థాపించిరి. స్త్రీల చదువు, ఆస్తిహక్కు, విధవల దుఃఖము, ఇష్టములేని పెండ్లిండ్లు, వీనినిగూర్చి నిర్భయముగా వ్రాయ వీలిచ్చిన పత్రిక అది. కొలుముల పొగలో స్త్రీల పత్రిక అచ్చగుట ఎంత వింత! ఎన్ని మహారాష్ట్ర గృహములలో అది వంటింటి గూటిలో దాగి చదువబడెనో!

లక్ష్మణరావుగారు 1956లో స్వర్గస్థులైరి. 1969లో ఆయన శతజయంతికి భారతప్రభుత్వమువారు తపాలాబిళ్ల వేసిరి.

మొన్న పండుగకు పోయినప్పుడు ఈ కథయంతయు మామయ్యగారికి చెప్పితిని. ఆయన ఊకొట్టుచు విని, రంగుల సంగతి వచ్చుసరికి ఆపి, "అయితే అమ్మాయీ, మన పంపునకు ఈ రంగు ఎవరు చూచి వేసినట్లే?" అని అడిగిరి. ఆ పంపు రంగు ఏనాడో వెలసిపోయినది. నీరు మాత్రము పోయుచునే యున్నది.