జన్యువులో అచ్చుతప్పు

అచ్చుతప్పులన్నీ ఒక జాతివి కావు. "ఉన్నది" అనవలసిన చోట "వున్నది" అని పడితే పాఠకుడు గమనించనైనా గమనించడు. "పిల్లవాడికి రెండు పూటలా పాలు ఇవ్వండి" అన్న వాక్యంలో "పాలు" కాస్తా "పాము" అయిందనుకోండి, కొంప మునుగుతుంది! రెండు చోట్లా మారినది ఒక్క అక్షరమే. ఏ తప్పు నవ్వి ఊరుకోదగ్గదో, ఏది ప్రాణం మీదికి తెచ్చేదో తేల్చడమే కష్టం. మన శరీరంలోని జన్యువుల విషయంలో సరిగ్గా ఈ పనినే ఇప్పుడు కంప్యూటర్లకు అప్పగించారు.

మన ప్రతి జీవకణంలోనూ దాదాపు 300 కోట్ల అక్షరాల గ్రంథం ఒకటి ఉన్నది. దాని అక్షరమాలలో ఉన్నవి నాలుగే అక్షరాలు. అందులో ఒక్కొక్క జన్యువూ ఏదో ఒక ప్రొటీను తయారు చేసే విధానాన్ని చెబుతుంది. ప్రొటీను అంటే పూసల దండ వంటిది. పూసలు ఇరవై రకాలు. వాటినే ఎమైనో ఆమ్లాలంటారు. జన్యువులో ఒక అక్షరం మారితే దండలో ఒక పూస మారిపోవచ్చును.

కేన్సరుకు సంబంధించిన జన్యువులలో పేరు మోసినది బి.ఆర్.సి.ఎ.1. అమెరికాలో మేరీ క్లెయిర్ కింగ్ అనే శాస్త్రజ్ఞురాలు 1990లో దాని ఉనికిని 17వ క్రోమోజోము మీద పసికట్టింది. 1994లో దాని అక్షరాలు బయటపడ్డాయి. అది తయారు చేసే దండలో 1,863 పూసలున్నాయి. తెగిన జన్యుపోగులను తిరిగి అతకడం ఆ ప్రొటీను పని. అది పుట్టుకతోనే చెడి ఉన్న స్త్రీలలో నూటికి 60 మందికి పైగా ఏదో ఒక వయసులో రొమ్ము కేన్సరు వస్తుంది. అండాశయాల కేన్సరు భయం కూడా ఎక్కువే. అయితే కేన్సరు వచ్చిన ప్రతివారికీ అది వంశం నుంచి వచ్చినట్టు కాదు. అట్లా వచ్చేది నూటికి ఐదు నుంచి పది మందికే.

జన్యువును చదవడం ఈనాడు పెద్ద పని కాదు. గొట్టమెడు రక్తం ఇస్తే చాలు. చదివినది అర్థం చేసుకోవడమే పెద్ద పని. వాక్యం సగంలో తెగిపోయినట్లు కొన్ని మార్పులు స్పష్టంగా కనిపిస్తాయి. ఒక పూస బదులు మరో పూస పడినప్పుడే చిక్కు వస్తుంది. అప్పుడు రిపోర్టులో "అర్థం తేలని మార్పు" అని రాస్తారు.

నా స్నేహితుని కుమార్తె ఒకతె, స్కూలు పంతులమ్మ, అటువంటి రిపోర్టు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఆమె తల్లికీ పెద్దమ్మకూ రొమ్ము కేన్సరు వచ్చి ఉన్నది. రిపోర్టులో అర్థం తేలని మార్పు ఒకటి చూపి, కంప్యూటరు లెక్క ప్రకారం అది "హానికరం కావచ్చును" అని కింద రాశారు.

"బాబాయిగారూ, కంప్యూటరే చెప్పింది గదా! ముందే ఆపరేషను చేయించుకుని తీసేయించుకుంటే పోతుందేమో?" అన్నది.

ముప్పై రెండేళ్ల పిల్ల. ఆమెకు జవాబు చెప్పాలంటే, కంప్యూటరు ఆ మాట ఎట్లా అన్నదో ముందు తెలియాలి.

తాళపత్ర గ్రంథాలను పరిష్కరించే పండితుల పద్ధతి మనకు కొత్త కాదు. బ్రౌను దొర వేమన పద్యాల కోసం ఎన్నో ప్రతులు తెప్పించి, పాఠాంతరాలు పోల్చి చూపించాడు. కంప్యూటరు చేసేదీ ఇదే. ఒకే ప్రొటీను మనిషిలో ఎట్లా ఉన్నది, కోతిలో, ఆవులో, కోడిలో, చేపలో ఎట్లా ఉన్నది అని వరుసలు పేర్చి చూస్తుంది. కోట్ల సంవత్సరాలుగా అన్ని ప్రాణులలోనూ ఒకచోట ఒకే పూస నిలిచి ఉన్నదంటే, అది మారిన జీవులు బతికి బట్టకట్టలేదన్నమాట. అక్కడ మార్పు ప్రమాదకరం. మరొకచోట ఒక్కొక్క జంతువులో ఒక్కొక్క పూస ఉంటే, అక్కడ ఏది పడినా ఫరవాలేదు.

ఈ సూత్రం మీద అమెరికాలోని సియాటిల్ నగరంలో పాలీన్ ఎంగ్, స్టీవెన్ హెనికాఫ్ అనే శాస్త్రజ్ఞులు 2001లో "సిఫ్ట్" అనే విధానాన్ని వెలువరించారు. అది ప్రతి మార్పుకూ సున్న నుంచి ఒకటి లోపల మార్కు వేస్తుంది. 0.05 కంటె తక్కువ వస్తే హానికరమని అంచనా. 2010లో వచ్చిన "పాలీఫెన్-2" దీనికి తోడు ప్రొటీను ఆకారాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ఆకారం ఎందుకంటారా? బి.ఆర్.సి.ఎ.1లో 61వ పూస సిస్టీను. జింకు అణువును పట్టుకుని ఉండే చేతులలో అదొకటి. దాని స్థానంలో గ్లైసీను పడితే పట్టుకునే చెయ్యే ఉండదు. ఆ మడత సడలిపోతుంది. ఆ మార్పు కేన్సరుకు దారి తీసేదని రుజువైనది. అదే ప్రొటీనులో 871వ పూస ప్రోలీనుకు బదులు ల్యూసీను అయినవారు లోకంలో కోట్ల మంది ఉన్నారు. దానివల్ల వారికేమీ కాలేదు.

2023లో గూగుల్ డీప్‌మైండ్ వారు "ఆల్ఫామిస్సెన్స్" అనే దానితో మనిషి ప్రొటీనులలో సాధ్యమయ్యే 7 కోట్ల 10 లక్షల పూస మార్పులకు అంచనాలు కట్టారు. నూటికి 32 హానికరం కావచ్చుననీ, 57 నిరపాయం కావచ్చుననీ, మిగిలినవి తేలలేదనీ అన్నది. మనుషులు అప్పటికి పరిశీలించి తేల్చినవి వెయ్యింటికి ఒకటి మాత్రమే!

ఇంత చేసినా కంప్యూటరు సాక్షే గాని న్యాయాధిపతి కాదు. 2015లో అమెరికా జన్యువైద్యులు నియమాలు రాసినప్పుడు దాని మాటను బలహీనమైన సాక్ష్యాల జాబితాలో వేశారు. తరువాత 2022లో, మార్కులను బాగా తూచి చూసి, కొన్ని సందర్భాలలో కొంత ఎక్కువ బరువు ఇవ్వవచ్చునన్నారు. అయినా అదొక్కటే తీర్పుకు చాలదు. ప్రొటీను కొంచెం దెబ్బ తిన్నంత మాత్రాన మనిషికి జబ్బు వచ్చి తీరాలని లేదు. పైగా ఈ విధానాలలో చాలాభాగం ఒకే రకం సమాచారం చూసి నేర్చుకున్నవి. నాలుగు విధానాలు ఒకే మాట చెబితే నలుగురు సాక్షులు దొరికారని సంబరపడరాదు. ఒకే సాక్షి నాలుగుసార్లు చెప్పి ఉండవచ్చును.

అందుకే ప్రయోగశాల కావాలి. 2018లో సియాటిల్‌లోనే వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వారు బి.ఆర్.సి.ఎ.1లో దాదాపు 4,000 ఒంటి అక్షరపు మార్పులను జీవకణాలలో ఒక్కొక్కటిగా చేసి చూశారు. ఆ జన్యువు పనిచేయకపోతే చచ్చిపోయే రకం కణాలవి. బతికిన కణాలను చూసి నిరపాయమైన మార్పులు, చచ్చిన కణాలను చూసి చెడ్డ మార్పులు పోల్చుకున్నారు.

మన దేశపు చిక్కు ఇంకొకటి ఉన్నది. లోకంలో పోగైన జన్యు సమాచారంలో అధికభాగం ఐరోపా సంతతి వారిది. మనవారిలో సర్వసాధారణమైన మార్పు కూడా అక్కడి పుస్తకాలలో కనిపించకపోతే అనుమానాస్పదమవుతుంది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి., ఢిల్లీలోని ఐ.జి.ఐ.బి. కలిసి వెయ్యి మందికి పైగా భారతీయుల జన్యుగ్రంథాలు చదివినట్లు 2019లో ప్రకటించారు. అటువంటి పని పెరిగిన కొద్దీ మన ఆడపిల్లల రిపోర్టులలో సందేహాలు తగ్గుతాయి.

ఆ అమ్మాయికి నేను చెప్పినది ఇంతే: "అర్థం తేలని మార్పును నమ్ముకుని కత్తి దగ్గరికి పోవద్దు తల్లీ. మీ అమ్మ రక్తంలో ఆ అక్షరం ఎట్లా ఉన్నదో చూడమని జన్యువైద్యుణ్ణి అడుగు." అడిగింది. తల్లిలో ఆ మార్పు లేదు. అంతటితో అది నిర్దోషి అని తేలిపోలేదు గాని, తల్లి జబ్బుకు కారణం అది కాదని తేలింది. కుటుంబ చరిత్రను బట్టి ఏటేటా పరీక్షలు చేయించుకొమ్మని డాక్టర్లు చెప్పారు, చేయించుకుంటున్నది. ఆపరేషను మాట మానుకున్నది.

మీ ఇంట ఎవరికైనా అటువంటి రిపోర్టు వస్తే పారవేయకండి. ఒకటి రెండేళ్లకొకసారి డాక్టరుకు మళ్లీ చూపించండి. ఈనాడు తేలని అక్షరం రేపు తేలవచ్చును. ఇప్పటిదాకా తిరిగి తేల్చిన వాటిలో ఎక్కువ భాగం నిరపాయమైనవేనని తెలిసింది.