పళ్లెం ఎగరేయడం నేర్చుకున్న వేసవి

మాది వాకాడు. స్వర్ణముఖి ఏటి ఒడ్డున ఉన్న ఊరు. 2022 ఏప్రిల్‌లో మా మండలాన్ని తిరుపతి జిల్లాలో కలిపారు గాని, ఎవరైనా అడిగితే ఈనాటికీ మా నోట నెల్లూరు జిల్లా అనే వస్తుంది. ఊరి నుంచి తూర్పుగా పోతే తూపిలిపాళెం సముద్రం. ఒక వేసవి నెలంతా మేము తెల్లవారుజామున లేచి ఆ ఒడ్డుకు పోయి, ఒక ప్లాస్టిక్ పళ్లెం విసరడం, పట్టడం నేర్చుకున్నాము. ఈ వయసులో ఇదేమి పిచ్చి అని మా వీధివాళ్లు నవ్వారు. నవ్వవలసిన సంగతే. అయితే ఆ నెల మా ఇంటిలో జరిగినది చెబితే మరొక ఇంటివారికి ఉపయోగపడవచ్చునని రాస్తున్నాము.

ఆ ఏడు మా పెద్దవాడు ఇంటర్ మొదటి సంవత్సరం తప్పాడు. లెక్కలు, ఫిజిక్సు రెండూ పోయాయి. ఫలితాలు వచ్చిన రోజు మేమిద్దరం అనరాని మాటలు అన్నాము. తరువాత మాటలే ఆగిపోయాయి. “అన్నం తిన్నావా”, “గేటు వేశావా” తప్ప తల్లిదండ్రులమైన మాకూ వాడికీ మధ్య మరో మాట లేదు. కుటుంబ ప్రార్థనకు వచ్చి కూర్చుంటాడు, ఆమెన్ అనగానే లేచిపోతాడు. పదేళ్ల మా చిన్నది మా ముఖాలు ఒకటి, వాడి ముఖం ఒకటి చూస్తూ తిరిగేది.

అటువంటి రోజుల్లో చెన్నై నుంచి పిల్లల మేనమామ వచ్చాడు. వస్తూ ఎర్రటి ఫ్రిస్బీ ఒకటి తెచ్చాడు. చెన్నై బీసెంట్ నగర్ ఇసుకలో ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి జట్లుగా దీనిని ఆడుతున్నారట. “బావా, ఇది ఒక్కడు ఆడే ఆట కాదు. విసిరేవాడు ఒకడుంటే పట్టేవాడు ఒకడు ఉండాలి” అని చెప్పి మరునాడు బస్సెక్కి వెళ్లిపోయాడు. చిన్నది వదిలిపెట్టలేదు. నలుగురమూ ఒడ్డుకు పోక తప్పలేదు.

ఈ బొమ్మ పుట్టుకే ఒక వేడుకైన కథ. 1937లో అమెరికాలో ఫ్రెడ్ మారిసన్ అనే కుర్రవాడు, తరువాత అతని భార్య అయిన లూసిల్‌తో కలిసి పేలాల డబ్బా మూత ఒకటి ఎగరేసుకొని ఆడాడు. మూత సొట్టలు పడితే కేకు కాల్చే రేకు పళ్లెం పట్టుకున్నారు. మరుసటి ఏడు సముద్రపు ఒడ్డున ఆడుతుంటే ఎవరో చూసి, అంగడిలో అయిదు సెంట్లకు దొరికే ఆ పళ్లేనికి పాతిక సెంట్లు ఇస్తామన్నారు. వ్యాపారం అక్కడ మొదలైంది. యుద్ధంలో విమానం నడిపి తిరిగి వచ్చాక, 1948లో ప్లాస్టిక్‌తో చేశాడు. 1957లో వామ్ఓ అనే కంపెనీ అతని పళ్లేన్ని తీసుకున్నది. ఫ్రిస్బీ అనే పేరు ఫ్రిస్బీ అనే రొట్టెల అంగడిది. ఆ అంగడి రేకు పళ్లేలను కాలేజీ పిల్లలు ఎగరేసుకునేవారు.

ఇక మా సంగతి. మొదటి రోజు మేము విసిరినది ఒక్కటీ తిన్నగా పోలేదు. బలమంతా పెట్టి విసిరితే పళ్లెం నిలువుగా లేచి, పక్కకు ఒరిగి, ఇసుకలో చక్రంలా దొర్లుకుంటూ పోయింది. ఒకసారి పోయి పోయి ఎండబెట్టిన నెత్తళ్ల మీద పడింది. వాటిని తిరగేస్తున్న అవ్వ పెట్టిన శాపనార్థాలు ఇక్కడ రాయలేము. క్షమించమని అడిగి, వలలకూ చేపలకూ దూరంగా, సరుగుడు తోపు వైపు జరిగాము.

మాకు విసరడం నేర్పినది పుస్తకం కాదు, విసురువల వేసే ఒక పెద్దాయన. కాసేపు చూసి, దగ్గరికి వచ్చి, “భుజం పెట్టి తోస్తన్నావు నాయనా. వలైనా ఇదైనా మణికట్టు తిరగాల. తిరిగితేనే విచ్చుకుంటది” అన్నాడు. మాట నిజం. తిరగని పళ్లెం గాలిలో నిలవదు. బొంగరం తిరిగినంతసేపే ములికి మీద నిలబడినట్టు, పళ్లెం కూడా గిర్రున తిరిగినంతసేపే ఒరగకుండా ఉంటుంది. దాని ఉబ్బెత్తు వీపు, వంగిన అంచు గాలిని కిందికి నెడతాయి, గాలి దానిని పైకి ఎత్తుతుంది. విమానం రెక్క చేసేదీ ఇదే పని.

పట్టు ఇలా. బొటనవేలు పళ్లెం పైన, మిగిలిన వేళ్లు అంచు కింద మడిచి ఉండాలి. పట్టేవారి వైపు కుడి భుజం పెట్టి పక్కగా నిలబడి, చేతిని ఎదురురొమ్ము దాకా ముడిచి, తడి తువ్వాలు విదిలించినట్టు ఒక్క విదిలింపుతో వదలాలి. పళ్లెంలో చారు పోసి ఉన్నదనుకోండి, ఒలకకూడదు. కొత్తవాళ్ల చేతిలో అది కుడివైపు ఒరుగుతుంటే, చేతికి దూరంగా ఉన్న అంచును కొంచెం కిందికి వంచి వదిలితే సర్దుకుంటుంది. పట్టడానికి మొదట్లో రెండు చేతులూ కావాలి, ఒకటి పైన, ఒకటి కింద, చప్పట్లు కొట్టినట్టు. ఎత్తుగా వస్తే వేళ్లు పైన, బొటనవేళ్లు కింద. మోకాళ్ల దగ్గరికి వస్తే అందుకు తిరగవేసి.

మధ్యాహ్నం ఈ ఆట పనికిరాదు. నేల కాగిన తరువాత సముద్రపు గాలి లోపలికి కొడుతుంది. ఎదురుగాలికి విసిరితే పళ్లెం పైకి లేచి వెనక్కి వస్తుంది, గాలి వెంట విసిరితే దబ్బున కూలుతుంది. పొద్దున గాలి నెమ్మదిగా ఉంటుంది, ఇసుక కాళ్లు కాల్చదు. మరొక మాట: పళ్లెం నీళ్లలో పడితే మోకాలి లోతు దాటి ఎవరూ పోకూడదని మా ఇంటి చట్టం. పళ్లెం పోతే మరొకటి కొనవచ్చు.

నాలుగో రోజుకు పదిసార్లు కింద పడకుండా విసురుకోగలిగాము. ఆ ఉదయమే చిన్నది ఉరికి వంగి ఒకటి పట్టింది. మేము భళా అన్నాము. అది తలవంచుకొని, “లేదు నాయనా, ఇసుకను తాకింది” అన్నది. “ఈ ఆట పద్ధతే అది” అన్నాడు పెద్దవాడు. ఫలితాలు వచ్చాక వాడంతట వాడు మాట్లాడడం అదే మొదలు. 1968లో అమెరికాలోని మేపుల్‌వుడ్ అనే ఊరిలో హైస్కూలు పిల్లలు జట్ల ఆటగా మార్చిన అల్టిమేట్‌లో అంపైరు ఉండడని, ప్రపంచ పోటీలలో కూడా తప్పులను ఆడేవాళ్లే చెప్పుకొని తేల్చుకుంటారని మేనమామ వాడికి చెప్పాడట. 2015లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం ఈ పళ్లెం ఆటల సమాఖ్యను గుర్తించింది.

ఆ తరువాత రెండు రోజులకు, ముప్పై అడుగుల దూరంలో నిలబడి, పళ్లెం చేతిలో తిప్పుతూ, వాడు మమ్మల్ని చూడకుండా చెప్పాడు: “నాయనా, ఫిజిక్సు పేపరు నేను రాయలేదు. ఖాళీగా ఇచ్చి వచ్చా. ఈ గ్రూపు వద్దని చేరేటప్పుడే అమ్మకూ నీకూ చెప్పినా. మీరు వినలేదు.” చెప్పి, విసిరాడు. మంచి విసురు అది, నేరుగా ఎదురురొమ్ము దగ్గరికి వచ్చింది. మేము పట్టలేకపోయాము.

వాడు చెప్పినది నిజం. ఆ రోజు చేరిక కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు వాడి ముఖం మేము చూడలేదు. పక్కింటి అబ్బాయికి వచ్చిన మార్కులు చూశాము. ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగి ఉంటే ఈ మాట వాడి నోట వచ్చేది కాదేమో. చేతులకు పని ఉండి, మధ్య కొంత దూరం ఉండి, కళ్లు పళ్లెం మీద ఉంటే వచ్చింది. ఇసుకలో పడిన దానిని తీసుకొని, తుడిచి, వాడికి అందేటట్టు తిరిగి విసిరాము. “తప్పు మాదే అబ్బయ్యా” అన్నాము. అంతకుమించి ఆ పొద్దు ఏమీ మాట్లాడలేదు, ఎండెక్కేదాకా విసురుకుంటూనే ఉన్నాము.

జూన్‌లో వాడు గ్రూపు మారాడు. ఒక ఏడాది పోయింది, ఫీజు కొంత పోయింది. బంధువుల మాటలు పడ్డాము. ఇప్పుడు ఆదివారం సాయంత్రాలు మా సండేస్కూలు పిల్లలను పోగుచేసి వాడే విసరడం నేర్పుతున్నాడు. ఎర్ర పళ్లెం అంచు ఒకచోట కొరుక్కుపోయింది, వరండా మేకుకు వేలాడుతున్నది. మొన్న ఆ వైపు పోతే నెత్తళ్ల అవ్వ గుర్తుపట్టి, తన మనవడికి కూడా ఒకటి తెచ్చిపెట్టమని అడిగింది.